పలకని బటన్

అస్ర్ నమాజు ముగించుకుని మస్జిదు నుంచి వచ్చేసరికి మా రెండోవాడు వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఇమిడే వీడియోగేమ్ పెట్టె అతని ఒళ్లో ఉంది. కుడివైపు బటన్‌ను బొటనవేలితో కసితీరా నొక్కుతున్నాడు. గోరు తెల్లబడేలా నొక్కినా తెర మీది బొమ్మ ఎగరటం లేదు. నాలుగైదు నొక్కులకు ఒకసారి ఎగురుతుంది, అదీ గోతిలో పడిపోయిన తరువాత.

మమ్మల్ని చూసి పెట్టెను పక్కన పెట్టాడు. కాసేపు ఊరుకుని, “అబ్బా, దీన్ని మందడం పంపిద్దామా? వాడు కొంటానంటున్నాడు. పదిహేను వందలు ఇస్తాడట” అన్నాడు. మందడంలో ఉన్నది మా చెల్లెలి కొడుకు. వీడికంటే రెండేళ్లు చిన్నవాడు.

“బటన్ సంగతి చెప్పావా?”

“వాడు అడగలేదు.” నేల చూపులు చూస్తూ మరో మాట కూడా అన్నాడు. “నాకు అమ్మినవాడు మాత్రం చెప్పాడా? కారు పందెం ఆట పెట్టి చూపించాడు. ఆ ఆటలో ఈ బటన్‌తో పనే లేదు. మా క్లాసులో అందరికీ చెప్పాను, వాడు మోసగాడని.”

ఆ పెట్టె కథ ఇది. నిరుడు బక్రీదు నాడు పెద్దలు ఇచ్చిన ఈదీ డబ్బు దాచుకుని, పై తరగతి అబ్బాయి దగ్గర పదిహేను వందలకు పాతది కొన్నాడు. కొన్న తొలినాళ్ల నుంచే ఆ బటన్ అప్పుడప్పుడు మొరాయించేదని ఇప్పుడు అంటున్నాడు. అప్పట్లో మాకైతే ఆ మాట చెప్పలేదు.

ఆట పెట్టెలు పిల్లల చేతికి ఇవ్వవచ్చునా, ఎంతసేపు ఇవ్వవచ్చు అనే చర్చకు ఈ పేజీలో లోగడ చోటిచ్చాము. ఇప్పుడు మళ్లీ ఆ జోలికి పోవటం లేదు. నమాజు వేళకు పెట్టె మూతపడాలి, బడి పని అయిన తరువాతే తెరుచుకోవాలి. మా ఇంటి కట్టుబాటు అంతే. ఆనాడు మమ్మల్ని కలవరపెట్టింది ఆట కాదు, “వాడు అడగలేదు” అన్న ఆ ఒక్క మాట.

గుంటూరు మిర్చి యార్డును ఎరిగిన వారికి ఆ మాట కొత్త కాదు. టిక్కీ పైభాగాన నిగనిగలాడే ఎర్రని కాయలు పరిచి, అడుగున తాలుకాయలు కలిపినవాడూ అదే అంటాడు: కొనేవాడు చూసుకోవలసింది అని. తూకం కోసం మిరపకాయలకు తడి కొట్టినవాడి మాటా అదే. పత్తి సంగతి చూడండి. పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, అది దాటితే కోత, 12 శాతం మించితే తిరుగుముఖం. తేమ చూసే యంత్రాన్ని అక్కడ పెట్టుకున్నారంటే చెప్పే మాటను నమ్మలేకనే కదా. మదీనా బజారులో ఒక వర్తకుడి ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పోనిస్తే వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనం చూసేలా తడిసిన గింజలను పైన ఎందుకు పోయలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. ముస్లిం హదీసు సంకలనంలో ఉన్న ఈ ఉదంతం మన ఇళ్లలో అందరూ విన్నదే. అయితే ఒక్క విషయం గమనించారా? ఆ వర్తకుడూ అబద్ధమాడలేదు. అతన్నీ ఎవరూ అడగలేదు.

ఈ మాటలన్నీ ఆ సాయంత్రమే వాడికి చెప్పి ఉంటే తలాడించేవాడు, అంతటితో సరి. పదమూడేళ్ల పిల్లవాడికి ఉపన్యాసం తలకెక్కదు. అందుకని, “ముందు దీనికి వచ్చిన జబ్బేమిటో చూద్దాం. అదేమిటో తెలియకుండా అవతలివాడికి ఏం చెబుతావు?” అన్నాము. ఆ ఆదివారం పెట్టెను విప్పాలని నిశ్చయమైంది.

విప్పే ముందు లోపలి నిర్మాణం కొంత తెలిసి ఉంటే చేయి తడబడదు. మనకు పైన కనబడే ప్లాస్టిక్ బటన్‌కు విద్యుత్తుతో ఏ సంబంధమూ లేదు. వేలి ఒత్తిడిని కిందికి చేరవేయటం వరకే దాని పని. దాని కింద చిన్న గొడుగులా ఉబ్బిన రబ్బరు మెత్త ఉంటుంది. ఆ గొడుగు లోపలివైపున నల్లని కార్బన్ బిళ్ల అతికించి ఉంటుంది. మెత్త కింద సర్క్యూట్ బోర్డు మీద రెండు గీతల వరుసలు ఉంటాయి. రెండు దువ్వెనల పళ్లను ఎదురెదురుగా, ఒకదాని సందుల్లోకి మరొకటి దూర్చి, తగలకుండా ఆపినట్టు అవి కనబడతాయి. నొక్కినప్పుడు బిళ్ల ఆ రెండు వరుసల మీదా ఒకేసారి ఆని వంతెన అవుతుంది, కరెంటు దాటుతుంది. వేలు తీయగానే రబ్బరు తనంతట తానే పైకి లేస్తుంది. టీవీ రిమోట్‌లోనూ చాలా క్యాలిక్యులేటర్లలోనూ ఉన్నది ఈ ఏర్పాటే.

జపాన్‌లోని నింటెండో కంపెనీ ఇంజనీరు గున్‌పేయి యొకోయి ఈ చేతి ఆటలకు పేరు తెచ్చినవారిలో ఒకడు. రైలులో ఒక ఉద్యోగి పొద్దుపోక క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుతుండగా చూసి ఆయనకు ఈ ఊహ వచ్చిందని చెబుతారు. 1980లో ఆయన రూపొందించిన మొదటి చేతి ఆట వచ్చింది. ఇప్పుడు చాలా పెట్టెల మీద ఎడమవైపున కనబడే ‘ప్లస్’ గుర్తు బటన్ 1982లో ఆయన రూపొందించినదే. 1989లో గేమ్ బాయ్ వచ్చింది. అప్పటికే వేరే కంపెనీలకు రంగుల తెరలు అందుబాటులోకి వస్తుంటే ఈయన నలుపు తెలుపు తెరతో సరిపెట్టాడు. కొత్త హంగుల కోసం పరుగెత్తకుండా, పాతబడి చవకైన సామగ్రిని కొత్త పనికి వాడుకోవటమే ఆయన పద్ధతి. అందువల్లనే ఆ వస్తువు నాలుగు చిన్న బ్యాటరీలతో గంటల తరబడి నడిచేది, సామాన్యుడికి అందేది. ఆ కంపెనీ 1889లో పేకముక్కలు తయారు చేయటంతో మొదలైందని పిల్లలకు చెబుతుంటే వాళ్ల నానమ్మ విని, “అనుకున్నాను” అంటూ పెదవి విరిచారు.

బటన్ మొరాయించే తీరును బట్టే సగం రోగ నిర్ణయం జరుగుతుంది. మరీ గట్టిగా నొక్కితే పనిచేస్తున్నదంటే బిళ్లకూ గీతలకూ నడుమ మురికి పొర చేరిందని అర్థం. నొక్కిన బటన్ పైకి రాకుండా ఇరుక్కుపోతుంటే అంచులకు ఏదో జిగురు పట్టింది, లేదా లోపలి రబ్బరు చిరిగింది. ఒకేసారి నాలుగైదు బటన్లు చచ్చుబడితే తప్పు బటన్లది కాకపోవచ్చు. లోపలి రిబ్బన్ కేబుల్ జారి ఉండవచ్చు. నొక్కినప్పుడు మెత్తగా దిగకుండా ‘టిక్కు’మనే బటన్ల కింద రబ్బరుకు బదులు సన్నని లోహపు రేకు ఉంటుంది. అది పాడైతే సోల్డరింగ్ చేసి మార్చాలి, కనుక మెకానిక్ దగ్గరకు వెళ్లటమే మేలు. వీటన్నిటికన్నా ముందు మరో ఆటలో కూడా ఆ బటన్‌ను పరీక్షించాలి. ఒక్క ఆటలోనే పలకటం లేదంటే లోపం ఆ ఆటది. మా పెట్టెలో ఏ ఆట పెట్టినా అదే తంతు. గట్టిగా నొక్కితే పలుకుతుంది, మెల్లగా నొక్కితే పలకదు, మధ్య మధ్య అంచుకు పట్టుకుని ఆలస్యంగా లేస్తుంది. అంటే మొదటి రెండు రోగాలూ ఉన్నాయన్నమాట.

వారంటీ ఉన్న వస్తువునైతే విప్పకూడదు. కంపెనీ సేవా కేంద్రానికే ఇవ్వాలి. మాది చేతులు మారిన పాత పెట్టె కనుక ఆ చింత లేకపోయింది. సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు ఒకటి నూట ఎనభై రూపాయలకు కొన్నాము. మిగతా సరంజామా అంతా కుట్టుమిషన్ సొరుగులో దొరికింది: మెత్తని బ్రష్షు, చిన్న పట్టకారు, పాత నూలు గుడ్డ. సందులో దూర్చి పై డిప్ప తెరవటానికి పాత ఏటీఎం కార్డు ముక్క చాలు. స్క్రూడ్రైవర్ మొనతో తెరిస్తే అంచు చెక్కుకుపోతుంది.

ముందుగా పెట్టెను పూర్తిగా ఆపి, వెనుక మూత తీసి బ్యాటరీని బయటపెట్టాము. బ్యాటరీ ఉబ్బి ఉంటే పని అక్కడితో ఆపివేయాలి. దాన్ని నొక్కి చూడటం, సూదితో పొడవటం ఎంతమాత్రం తగదు. నిప్పు అంటుకుంటుంది. మా బ్యాటరీ బాగానే ఉంది. తరువాత ఒక అట్టముక్క మీద పెట్టె ఆకారం గీసి, విప్పిన ప్రతి స్క్రూను బొమ్మలో అదే చోట గుచ్చుతూ వచ్చాము. అన్ని స్క్రూలూ ఒకే పొడవు ఉండవు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగి, బాగుచేయబోయిన వస్తువు శాశ్వతంగా పాడవుతుంది. కనబడే స్క్రూలన్నీ తీసినా డిప్ప రాకపోతే బలవంతం చేయకూడదు. స్టిక్కరు కిందో బ్యాటరీ గూటిలోనో మరొకటి దాగి ఉంటుంది. మాకు స్టిక్కరు కింద దొరికింది.

ఇంత జాగ్రత్త చెబుతున్న మేమే ఆ తరువాత తొందరపడ్డాము. రెండు డిప్పలనూ పుస్తకంలా తెరవబోతే, “ఆగండి అబ్బా, ఏదో పట్టి లాగుతోంది” అని పిల్లవాడు చేయి పట్టుకున్నాడు. నిజమే. గోధుమరంగు రిబ్బన్ కేబుల్ ఒకటి రెండు సగాలనూ కలుపుతూ బిగిసి ఉంది. మరో అంగుళం లాగితే తెగిపోయేది. కేబుల్ చివర ఉన్న నల్లని చిన్న రెక్కను గోటితో పైకి లేపితే అది తనంతట తానే జారి వచ్చింది. పెద్దవాళ్ల కళ్లు మసకబారే చోట పిల్లల కళ్లు ఇలా పనికి వస్తాయి.

లోపల మేము చూసినదాన్ని మురికి అంటే సరిపోదు, అది మా ఊరే. 2015 అక్టోబరు 22న మా మండలంలోని ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. 29 గ్రామాల భూములు అందులోకి వెళ్లాయి. పత్తీ మిరపా పండిన నల్లరేగడి మీద ముందు రోడ్లు పడ్డాయి, తరువాత పనులు ఆగి తుమ్మ మొలిచింది, 2025 మే నుంచి మళ్లీ యంత్రాలు దిగాయి. లారీ వెళ్లిన ప్రతిసారీ లేచే దుమ్ము కిటికీ తెరల మీద, నీళ్ల బిందె మూత మీద, ముస్‌హఫ్ గుడ్డ మీద వాలుతూనే ఉంటుంది. నల్లరేగడి పొడి ఇసుక లాంటిది కాదు. పిండిలా సన్నంగా ఉండి, కాస్త చెమ్మ తగిలితే చాలు, ఉబ్బి అంటుకుపోతుంది. పిల్లల వేళ్ల చెమటా జిడ్డూ తోడై రబ్బరు మెత్త చుట్టూ అది నల్లని పొరలా పేరుకుపోయింది. అందులో పత్తి నూగు కూడా కనబడింది. మా పెద్దలు దూదేకిన నూర్‌బాషాలు. విల్లు నారికి పట్టిన నూగును రోజూ దులపకపోతే నారి మోగదని, మూగబోతుందని తాతగారు అంటుండేవారు. ఆ మాట ఇంతకాలానికి ఈ పెట్టె ముందు గుర్తుకు వచ్చింది.

ఆ నల్లని పొర మీద మరొకటి ఉంది. బటన్ అంచు చుట్టూ, రబ్బరు మెత్త మీద, ఎర్రగా గాజులా గట్టిపడిన చుక్కలు. పట్టకారుతో గీకితే పెళుసుగా రాలాయి. వాసన చూస్తే గులాబీ. అదేమిటో పిల్లవాడికి మాకంటే ముందే అర్థమైంది. గత రంజాన్‌లో ఇఫ్తార్ షర్బత్ గ్లాసు పక్కన పెట్టుకుని, అజాన్ కోసం చూస్తూ వాడు ఆడిన ఆట అది. గ్లాసు ఒరిగిందట. బనీనుతో తుడిచేసి, ఎవరికీ చెప్పలేదట.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మెత్తను తీసి దీపం వెలుగులో తిప్పి చూశాము. కార్బన్ బిళ్ల అంచు ఒకచోట కొద్దిగా లేచిపోయి ఉంది. అది మాత్రం షర్బత్ వల్ల వచ్చేది కాదు. ఏళ్ల వాడకంలో అరిగినది. ఆ లోపం అమ్మినవాడి దగ్గరే మొదలై ఉండవచ్చు, అది అతనికి తెలిసి ఉండవచ్చు, తెలియకపోనూ వచ్చు. పైన చేరిన పాకం మాత్రం నిస్సందేహంగా మా ఇంటిది. బటన్ ఎవరి వల్ల పాడైందనే ప్రశ్నకు పెట్టె విప్పినా ఒక్క పేరు దొరకలేదు. కానీ మా వాడు మాత్రం ఏడాదిగా ఒక్క పేరే చెబుతూ వచ్చాడు. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని అల్ హుజురాత్ సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఆ ఆయతు వాడికి కంఠస్థమే, మక్తబ్‌లో అప్పజెప్పినదే. మేము దాన్ని గుర్తు చేయలేదు. వాడి ముఖం చూస్తే ఆ అవసరం ఉన్నట్టు తోచలేదు.

ఇక శుభ్రం చేసిన తీరు చెబుతాము. సర్క్యూట్ బోర్డు మీద నీళ్లు తగలకూడదు. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలలో చిన్న సీసా దొరుకుతుంది. పేరు వినగానే కొందరికి సంకోచం కలుగుతుంది కనుక ఒక మాట. ఇది తాగే మద్యం కాదు, తాగితే విషం. మరకలు పోగొట్టటానికి బయట వాడి, క్షణాలలో ఆవిరైపోయే ఇలాంటి ద్రవాలను వాడుకోవచ్చునని చాలామంది పండితులు చెప్పారు. మనసు ఒప్పనివారు తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. చేతులకు రాసుకునే శానిటైజర్ మాత్రం దీనికి బదులు కాదు. అందులో చర్మం కోసం కలిపే జిగట పదార్థాలు బోర్డు మీద మిగిలిపోతాయి. కొబ్బరినూనె, కిరోసిన్, పెట్రోలు వంటి చిట్కాలు చెప్పేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారికి ఒక నమస్కారం పెట్టి ఊరుకోవటం మంచిది.

ఇయర్‌బడ్‌ను ఆ ద్రవంలో ముంచి, పిండి, దువ్వెన గీతల మీద ఒకే దిక్కుగా మెల్లగా తుడిచాము. నాలుగు బడ్లు నల్లబడ్డాయి, ఐదవది తెల్లగా వచ్చింది. రబ్బరు మెత్తకూ ప్లాస్టిక్ బటన్‌కూ ఈ ద్రవం అక్కరలేదు. గోరువెచ్చని నీళ్లలో చుక్క సబ్బు వేసి కడిగితే చాలు. ఎర్రని పాకం ఆ నీళ్లలోనే కరిగిపోయింది. బిళ్లను మాత్రం గోటితో గీకకూడదు, గట్టిగా రుద్దకూడదు. ఆ నల్లని పూతే దాని ప్రాణం. తడి ఆరిన తరువాత తెల్లకాగితం మీద ఒకటి రెండుసార్లు మెల్లగా ఆనించి లాగితే పైన మిగిలిన జిడ్డు వదులుతుంది. ఎండలో పెట్టటం, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి గాలి కొట్టటం వద్దు. రబ్బరు వంకర పోతుంది. నీడన రెండు గంటలు ఆరనిచ్చాము. ఈలోగా జుహర్ నమాజు, భోజనాలు అయ్యాయి.

వాళ్ల నానమ్మ ఈ తతంగమంతా మంచం మీది నుంచి చూస్తూనే ఉన్నారు. ఇంట్లో ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన జవాబు ఆమెకు ఇష్టమైన హదీసు. తన బట్టలు తానే కుట్టుకునేవారని, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని. దాన్ని మనవలకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఈసారి ఆమె హదీసు చెప్పలేదు. దిండు కింది నుంచి టీవీ రిమోట్ తీసి, “దీని శబ్దం బటన్ కూడా పలకటం లేదు. విప్పిన చేత్తో దీన్నీ చూడరా నాన్నా” అన్నారు. రిమోట్ డిప్ప తెరిచి మా సాయం లేకుండా వాడే శుభ్రం చేశాడు. అందులోనూ అదే గొడుగు, అదే బిళ్ల, అవే దువ్వెన పళ్లు. ఇరవై నిమిషాలలో అది పలికింది.

ఆట పెట్టెను తిరిగి కూర్చటం విప్పిన క్రమానికి సరిగ్గా తలకిందులు. రిబ్బన్ కేబుల్‌ను నిటారుగా దూర్చి, రెక్క మూసి, డిప్పలు కలిపి, స్క్రూలు బిగించాము. బిగించటంలోనూ బలం చూపకూడదు. ప్లాస్టిక్ మరలు అరిగిపోతే మళ్లీ పట్టవు. అట్టముక్క మీద ఆరు గుర్తులు, ఐదే స్క్రూలు. ఒకటి ఎక్కడో జారిపోయింది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తెచ్చి చాప కింద, మంచం కింద, గుమ్మం దాకా వెతికాము. ఒక సూదీ రెండు గుండుపిన్నులూ దొరికాయి గానీ స్క్రూ దొరకలేదు. ఐదింటితోనే సరిపెట్టాము. బ్యాటరీ పెట్టి మీట వేస్తే తెర వెలిగింది. పిల్లవాడు బిస్మిల్లాహ్ అని బటన్ మీద వేలు ఆనించాడు. నొక్కలేదు, ఆనించాడంతే. బొమ్మ ఎగిరింది.

లెక్క చూస్తే స్క్రూడ్రైవర్ సెట్టుకు నూట ఎనభై, ద్రవానికి నూట ఇరవై, రెండూ ఇంట్లోనే మిగిలాయి. ఇదే పనికి దుకాణంలో ఎంత అడిగేవారో గానీ, చాలా ఇళ్లలో దుకాణం దాకా కూడా వెళ్లరు. అటక మీదికి విసిరేస్తారు, కొన్నేళ్లకు పాత సామాన్ల వాడికి ప్లాస్టిక్ ధరకు ఇస్తారు. అవి చివరకు చెత్తకుప్పల్లో కాలి, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద 2022లో రూపొంది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు, పాడైన వస్తువుల సేకరణకూ పునర్వినియోగానికీ తయారీదారులను బాధ్యులను చేశాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు గురించి ఒక కమిటీని వేసింది. విడిభాగాలు, మరమ్మతు వివరాలు కొన్నవారికి అందాలన్నది దాని ఉద్దేశం. మంచిదే. అయినా అటక మీదికి వెళ్లే వస్తువును ఏ చట్టమూ ఆపలేదు. కనీసం బ్యాటరీ తీసి విడిగా ఉంచటం ఎవరి ఇంట్లో వారు చేయగలిగిన పని.

మరునాడు బడి నుంచి వాడు ఆలస్యంగా వచ్చాడు. పై తరగతి అబ్బాయి కోసం గేటు దగ్గర ఆగాడట. షర్బత్ సంగతి చెప్పాడట. ఆ అబ్బాయి మొదట కోప్పడ్డాడట, క్లాసు క్లాసంతా తనను మోసగాడని పిలిచారని. తరువాత, “అది అప్పుడప్పుడు పట్టేసేది, నిజమే. కానీ నాకు పెద్దగా అనిపించలేదు” అన్నాడట. ఇద్దరూ కలిసి వెళ్లి, ఎవరెవరికి ఆ మాట చెప్పారో వాళ్లందరికీ మళ్లీ చెప్పాలి కదా అని మేము అంటే, “ఇద్దరం ఎందుకు? చెప్పింది నేను కదా” అన్నాడు. ఎంతమందికి చెప్పగలిగాడో మేము ఆరా తీయలేదు. రెండు మూడు రోజులు ఇంట్లో ముభావంగా తిరిగాడు. అటువంటి మాట బయటికి పోవటం తేలిక, తిరిగి తెచ్చుకోవటం కాదు. ఆ సంగతి వాడి నడకలోనే తెలిసింది.

అమ్మకం సంగతి మిగిలి ఉంది. బాగైన తరువాత ఉంచుకోరాదా అని వాళ్ల అమ్మ అడిగింది. వద్దన్నాడు. వచ్చే ఏడు తొమ్మిదో తరగతి, ఆ డబ్బుతో సైకిలుకు టైర్లు వేయించుకుంటానన్నాడు. ఇక్కడ మాలో మాకే చిన్న చర్చ జరిగింది. లోపం ఉన్న వస్తువును దాచి అమ్మితే, తెలిసిన తరువాత తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. ఫిఖ్హ్ గ్రంథాలలో దాని పేరు ‘ఖియారుల్ ఐబ్’. మరి బాగుచేసిన లోపం కూడా చెప్పవలసిన లోపమేనా? బటన్ ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నది కదా? అమ్మేవాడూ కొనేవాడూ నిజం పలికి, ఉన్నది ఉన్నట్టు విడమరిస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచితే అది తుడిచిపెట్టుకు పోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. బిళ్ల అంచు లేచి ఉన్న మాట నిజం. ఎన్నాళ్లు ఆగుతుందో మేము చెప్పలేము. కనుక చెప్పటమే సరి అని మేము అనుకుంటుండగా, పిల్లవాడు అప్పటికే అట్టముక్క వెనుక పెన్సిలుతో రాస్తున్నాడు.

శుక్రవారం జుమా తరువాత మందడం వెళ్లాము. మేనల్లుడు గుమ్మంలోనే పెట్టె అందుకోబోయాడు. మా వాడు ఇవ్వలేదు. ముందు అట్టముక్క ఇచ్చాడు. కుడివైపు బటన్ విప్పి శుభ్రం చేశాం, లోపలి బిళ్ల అంచు ఒకచోట లేచి ఉంది, మళ్లీ మొరాయించవచ్చు. వెనుక ఒక స్క్రూ లేదు. బ్యాటరీ గంటన్నర వస్తుంది. నాలుగో పంక్తిలో షర్బత్ పడిందని రాసి, దాని కింద గీత గీశాడు.

మేనల్లుడు చదివి, పెట్టె తిప్పి చూసి, స్క్రూ లేని కంతలో వేలు పెట్టి, “అయితే పన్నెండు వందలే” అన్నాడు. పన్నెండేళ్లయినా నిండలేదు గానీ మిర్చి యార్డు రక్తం. మా వాడు నోరు తెరిచాడు, మూశాడు. మా చెల్లెలు అడ్డుపడి, “పాపం, అన్నయ్య అంతా చెప్పాడు కదరా, పదిహేను వందలూ ఇచ్చెయ్” అంటే, వద్దని మా వాడే తలూపాడు.

పన్నెండు వందలు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద వెనుక కూర్చుని, మల్కాపురం దాటిన తరువాత అడిగాడు, ఆ స్క్రూ దొరికితే దాన్ని కూడా ఇచ్చిరావాలా అని.